పొగ రంగు చూడాలంటే కళ్ళు తెరవాలి కదండీ!

బ్రాడీపేట మెకానిక్ జాన్ బాషా గారికి,

నమస్కారమండి. ఫోన్లో ఇంజన్ల మోతకి ఏమీ వినపడదు, కాగితం మీద రాసి పాల ఆటోలో పంపమన్నారు కదా, రాస్తున్నాను. మీరిప్పించిన సెకండ్ హ్యాండ్ బండి పొగ కక్కుతోంది. నిశ్చితార్థమయ్యాక భానుశ్రీ మొదటిసారి నా బండెక్కేది ఈ ఆదివారమే. ఈ పొగ చూసి పెళ్ళే వద్దంటే నా గతేంటండీ?

మీ ఉదయ్ కుమార్

తా.క.: వీధి కుక్కలు కూడా నా బండి వెంటపడటం మానేశాయి.

ఉదయ్ బాబుకి,

కంగారుపడకు. నల్లపొగైతే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. నీలం పొగైతే ఆయిల్ మండుతోంది, పిస్టన్ రింగులు అరిగినట్టే. తెల్లపొగైతే నీళ్ళు చేరాయి. రంగు చూసి రాయి.

దీవెనలతో, జాన్ బాషా

తా.క.: ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. రంగు చెబితే చాలు, బండి జాతకం చెబుతా.

జాన్ బాషా గారికి,

రంగు చూడాలంటే కళ్ళు తెరవాలి కదండీ! స్టార్ట్ చేస్తే చాలు, నీళ్ళు కారిపోతున్నాయి. యలమంద మామని చూడమంటే పది తుమ్ములు తుమ్మి, "ఎర్రగా ఉందిరా" అన్నాడు. పొగ సంగతేమో గానీ ఆయన కళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. బండి పంపుతున్నాను, మీదే భారం.

ఏడుస్తూ, ఉదయ్

తా.క.: ఈ ఏడుపు పొగకి కాదు, భానుశ్రీ ఏమంటుందోనని.

ఒరేయ్ ఉదయ్,

ఫిల్టర్ శుభ్రం. రింగులు భేష్. సైలెన్సర్ విప్పితే గుప్పెడు మాడిన ఎండుమిరపకాయలు! బండి నడుపుతున్నావా, కారం పట్టిస్తున్నావా? కడిగి, తళతళలాడించి పంపాను.

తుమ్ముతూ, జాన్ బాషా

తా.క.: షెడ్డులో టీ కొట్టువాడితో సహా అందరం బయటే నిలబడ్డాం.

జాన్ బాషా గారికి,

దొంగ దొరికిందండీ, మా నాయనమ్మ అంకమ్మ! కొత్తగా వచ్చిన బండికి మిరపకాయలతో దిష్టి తీసి, కాల్చడానికి ఇంట్లో కట్టెల పొయ్యి లేక వేడి సైలెన్సర్లో వేసిందట. మీరు తళతళలాడించి పంపారా, ఇంకెంత దిష్టి తగులుతుందోనని ఈసారి రెండు గుప్పిళ్ళు కూరింది. ఆ సంగతి తెలియక ఆదివారం అలాగే వెళ్ళాను. మా వీధంతా దగ్గింది, నేనూ దగ్గాను. భానుశ్రీ మాత్రం కబుర్లు ఆపితే ఒట్టు! మిర్చి యార్డు పక్కనే పుట్టి పెరిగిన పిల్లటండీ. దిగి, "బండి మా ఇంటి వాసనొస్తోంది, మళ్ళీ ఎప్పుడొస్తావ్?" అంది. ఎంత సంతోషం వేసిందో!

మీ మేలు మరవని ఉదయ్

తా.క.: మిరపకాయల ఘాటుకి దగ్గు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని నాయనమ్మ లెక్క. భానుశ్రీ దగ్గలేదని తెలిసి ఇప్పుడు బస్తా విప్పుతోంది.