సీసాలు లేని ఇల్లు

చిలకలూరిపేట,
2 ఫిబ్రవరి 2026.

ప్రియమైన ఆడబిడ్డ నజ్మీన్‌కు,

నీ వదిన గుల్షన్ సలాం చేసి రాయునది. అల్లా దయ వల్ల మేమిక్కడ బాగానే ఉన్నాం. కనిగిరిలో నువ్వూ, అమానుల్లా అన్నయ్యా, మన హయాతూ చల్లగా ఉండాలని ప్రతి నమాజులోనూ అడుగుతున్నాం.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతావేమో. ఫోన్‌లో ఇంటి మాట ఎత్తగానే పొయ్యి మీద పాలున్నాయి వదినా అంటావు. వాట్సాప్‌లో పెడితే చదివినట్టు తెలుస్తుంది గానీ జవాబు రాదు. కాగితమైతే చివరిదాకా చదువుతావని ఆశ. రాయడమూ కుదురుగా సాగడం లేదు. రెండు వాక్యాలు రాస్తాను, లేచి గుమ్మం దాకా వెళ్తాను, ఎందుకు వెళ్లానో తెలియక మళ్లీ వచ్చి కూర్చుంటాను. మొన్నటి నుంచీ ఇంట్లో అందరి పరిస్థితీ ఇదే.

మొన్నంటే, మీ అన్నయ్య నిన్ను బస్టాండులో చూసిన రోజు. పరుపుల కొట్టుకి దూది బేళ్లు దింపించుకుని అటుగా వస్తుంటే గుంటూరు బస్సు ఆగి ఉందట. కిటికీ పక్కన నువ్వు, నీ ఒళ్లో తల పెట్టుకుని హయాత్. ఆయన చేయి ఊపితే నువ్వు అటు తిరిగావట. ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చుని, నన్ను చూసి తిరిగిందా, ఎండకి తిరిగిందా అని నన్నడిగారు. ఎండకేనేమో అన్నాను. బస్సు అటు వైపు నీడలోనే ఉందిలే అని ఆయనే అన్నారు. అన్నం సగంలో వదిలేసి కొట్టుకి వెళ్లిపోయారు.

ఆసుపత్రికని బాబుని గుంటూరు తీసుకెళ్లిన ప్రతిసారీ మన ఊళ్లో బస్సు ఆగుతుంది. నువ్వు దిగవు. దిగకపోవడానికి నీకు కారణం ఉంది. ఆ సంగతి ఎత్తకుండా రాయాలనుకున్నాను గానీ, ఎత్తకపోతే తక్కినదేదీ రాయలేను. రెండు వేసవుల కిందట నువ్వు పుట్టింటికి వచ్చినప్పుడు, సైకిల్ మీద ఫినాయిలూ యాసిడూ అమ్మే అతను వీధిలోకి వచ్చాడు. అత్తమ్మ ఖాళీ నీళ్ల సీసా తీసుకెళ్లి యాసిడ్ పోయించుకుని, వంటింటి గూట్లో మంచినీళ్ల సీసాల పక్కన పెట్టింది. బాబుకి దాహమేసింది. మిగతాది నీ గుండెల్లో ఉంది, నేను రాయక్కర్లేదు. కాలి ముడుచుకుపోయిన గొంతు సాగదీయించడానికి మత్తిచ్చి లోపలికి తీసుకెళ్లినప్పుడల్లా ఆ తలుపు బయట నువ్వు నిలబడుతున్నావు. మేం కాదు. అమ్మ మాట నా దగ్గర ఎత్తొద్దు వదినా అన్నావు. అందుకని ఇంతకు మించి ఎత్తను. ఇల్లు ఇప్పుడెలా ఉందో అది మాత్రం రాస్తాను.

ఇంట్లో సీసా అనేదే లేదు నజ్మీన్. కడిగే మందులవే కాదు, ఖాళీవి కూడా లేవు. నూనె స్టీలు డబ్బాలో, మంచినీళ్లు కుండలో. ఎవరైనా కూల్‌డ్రింకు తెస్తే గ్లాసుల్లో పోసి, సీసా అప్పటికప్పుడే బయటికి పంపించేస్తాం. యాసిడ్ అమ్మే అతను ఇప్పటికీ వస్తాడు గానీ మన గుమ్మం ముందుకొచ్చేసరికి కేక ఆపేసి, దాటాక మళ్లీ మొదలుపెడతాడు.

యాసిడ్ లేకుండా ఇల్లు కడగడం అంత తేలిగ్గా పట్టుబడలేదు. మన బోరు నీళ్ల సంగతి తెలుసుగా, ఆరితే చాలు బాత్‌రూమ్ నిండా తెల్లటి చారలు. నిమ్మచెక్క ఉప్పులో అద్ది రుద్దాను. ఒక మూల తెల్లబడేసరికి భుజం పడిపోయింది. తర్వాత తెలిసింది, రుద్దడం కాదు నానబెట్టడం ముఖ్యమని. నిమ్మరసంలో తడిపిన పాత గుడ్డ చారల మీద పరిచి, మధ్యాహ్నం దాకా వదిలేసి, కొబ్బరి పీచుతో తోమితే చాలావరకూ వదులుతాయి. పంపు కింద పసుపుపచ్చ మచ్చ మాత్రం వదల్లేదు. బూడిద వేసి తోమితే మచ్చ పోకపోగా టైల్స్ నునుపు పోయింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని మొదట్లో సిగ్గుగా ఉండేది. ఇప్పుడు దాన్ని అలాగే వదిలేశాం.

గిన్నెలకీ గచ్చుకీ కుంకుడు రసమే. కాయలు కొట్టి, గింజలు తీసి, నానబెట్టి, ఉడికించి, పిసికి వడకడతాను. నిలవ ఉంటే పులుస్తుంది కాబట్టి కొంచెం కొంచెమే చేసుకోవాలి. చెట్టు కాయే అయినా కంట్లో పడితే మంట, కడుపులోకి పోతే వాంతి. అందుకని అది కూడా పిల్లలకి అందని ఎత్తులోనే. తూము వాసనకి వంట సోడా చల్లి వేడినీళ్లు పోస్తాను. చీమల బారుకి పసుపు. ఇంట్లోని రాగి బిందెలకి చింతపండు, అది మనకి కొత్తేం కాదు.

తొక్కల నీళ్ల కథ వింటే నవ్వుతావు. నిమ్మ తొక్కలూ బత్తాయి తొక్కలూ బెల్లం నీళ్లలో వేసి కొన్ని నెలలు మాగబెడితే గచ్చు తుడిచే నీళ్లు తయారవుతాయని ఎవరో చెప్పారు. జాడీ నిండా వేసి, మూతకి గుడ్డ బిగించి కట్టి, మంచం కింద పెట్టాను. రోజూ మూత తీసి గాలి వదలాలని చెప్పిన వాళ్లు చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఢామ్మని మూత ఎగిరి మంచం పట్టెకి తగిలింది. ఇల్లంతా పులిసిన వాసన. మీ అన్నయ్య పరుగెత్తుకొచ్చి, ఇంట్లో సారా కాస్తున్నారా ఏంటి, మసీదులో నేను తలెత్తుకోవద్దా అన్నారు. బాబుకి అలా జరిగాక ఇంట్లో మళ్లీ నవ్వు వినపడింది అప్పుడే. రెండోసారి వేసింది బాగా కుదిరింది. బకెట్‌లో కొంచెం కలిపి తుడిస్తే ఈగ వాలదు.

పక్కింటి పేరమ్మ మొన్న గోడ మీంచి తల పెట్టి, ఏమ్మా గుల్షనూ, మీ ఇంట్లోంచి ఫినాయిల్ వాసన రాట్లేదు, ఇల్లు కడగడం మానుకున్నారా అంది. లోపలికి వచ్చి చూడండి అన్నాను. వచ్చి గచ్చు మీద చేత్తో రాసి చూసుకుంది. వాసన రాకపోతే శుభ్రమైనట్టు అనిపించదే నాకు అంది. నిజమే, మొదట్లో నాకూ అనిపించలేదు. అలవాటు పడ్డాక ఇప్పుడు ఎవరింట్లోనైనా ఆ ఘాటు తగిలితే గుమ్మంలోంచే వెనక్కి వచ్చేస్తున్నాను.

ఇవి మిరపకాయల రోజులు. గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లే లారీలు మన వీధి చివర నుంచే. గాలి వీస్తే వీధంతా తుమ్ములు. బాబు గొంతుకి ఆ ఘాటు పడదని, కిటికీలకి తడిగుడ్డలు కట్టి చూశాం. బాగానే ఆపుతున్నాయి. రాని వాడి కోసం గుడ్డలెందుకు తడపడమని మీ అన్నయ్య అడగలేదు. పొద్దున్నే ఆయనే తడిపి కట్టి వెళ్తున్నారు.

ఈసారి గుంటూరు వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో ఒక్కసారి దిగు. ఒక్క పూట. అన్నం తినకపోయినా సరే, ఇల్లు చూసి వెళ్లు.

ఇట్లు,
నీ రాక కోసం గుమ్మం వైపు చూస్తూ,
గుల్షన్.

తా.క. ఉత్తరం కవరులో పెట్టాక మనసొప్పక మళ్లీ తీశాను. పైన నేను తోమాను, నేను వడకట్టాను అని రాసినవేవీ నా చేతులు చేసినవి కావు. నాకు పొద్దంతా కుట్టు మిషన్ దగ్గరే సరిపోతుంది. అవన్నీ అత్తమ్మ చేసినవి. ఆ మూత ఎగిరిన జాడీ కూడా ఆమెదే. తన పేరు రాయొద్దంది. నా చెయ్యి పడిందంటే అది గడప తొక్కదే, నువ్వు చేశావని రాయి, నీ మీద దానికి నమ్మకం అంది. సరేనని రాశాను. కానీ నీళ్లనుకున్న సీసాలో నీళ్లు లేకపోబట్టే కదా మనకింత జరిగింది. నీ దగ్గరికి వచ్చే ఈ కాగితం కూడా అలాంటిదే అయితే నేనేం మనిషిని.

ఇంకొకటి కూడా తెలుసుకుని నువ్వు తేల్చుకోవాలి. ఇంట్లో ఏది కాచినా, ఏది కలిపినా, ముందు ఒక చుక్క తన నాలుక మీద వేసుకుంటుంది. కుంకుడు రసం, సోడా నీళ్లు, తొక్కల నీళ్లు, అన్నీ. నోరు పొక్కి గంజితో గడిపిన రోజులున్నాయి. చేయి పట్టుకుని ఆపితే, బాబు నోట్లోకి పోతే ఎట్లుంటుందో నాకు తెలియాలి గదే, ఆ రోజు తెలియలేదుగా అంది. మీ అన్నయ్య కోప్పడి చూశారు, నేను ఏడ్చి చూశాను. వినదు. ఒకచోట కూర్చోదు. తుడిచిందే తుడుస్తుంది. నిన్ను మెత్తబరచడానికి ఇది రాయడం లేదు. ఈ ఇల్లు కడిగే చేతులెవరివో తెలిసి, అప్పుడు దిగాలో వద్దో నువ్వే అనుకో.

కనిగిరి,
8 ఫిబ్రవరి 2026.

గుల్షన్ వదినకు,

నజ్మీన్ సలాం. ఇక్కడ మేం బాగున్నాం. అన్నయ్యకి నా సలాం చెప్పు. బస్టాండులో ఆయన్ని చూసే తిరిగాను. అడిగితే అలాగే చెప్పు.

నీ సంతకం దాకా చదివి సంతోషపడ్డాను. వద్దామనే అనుకున్నాను. కింద రాసింది చదివి కాగితం విసిరికొట్టాను. ఇల్లంతా తిరిగాను. ఉతికి ఆరేసిన బట్టలే తీసి మళ్లీ నానబెట్టాను. సాయంత్రం మా ఆయన వచ్చి, ఉత్తరం ఎక్కడో మంచం పక్కన దొరికితే చదివి, మడిచి గూట్లో పెట్టారు. తర్వాత, మీ అమ్మని ఆపగలిగేది ఎవరు మరి అన్నారు. అంతే. హయాత్‌ని ఎత్తుకుని బజారుకి వెళ్లిపోయారు.

కోపం పోయిందని రాస్తే అబద్ధం. అమ్మ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. కానీ నాలుక మీద చుక్కలు వేసుకుంటోందని చదివిన దగ్గర్నుంచీ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోతున్నాను. ముందు ఆ పని మాన్పించు. నేనన్నానని చెప్పు. హయాత్ వాళ్లమ్మ వద్దందని చెప్పు. తన నోరు కాల్చుకుంటే నా బిడ్డ గొంతు బాగుపడదని కూడా చెప్పు. ఆ మాట కటువుగా ఉంటే ఉండనీ, అలా చెబితేనే వింటుంది.

గురువారం గుంటూరు వెళ్తున్నాం. పరీక్ష అయ్యాక, తిరిగి వచ్చేటప్పుడు పేటలో దిగుతాం. వంటింట్లోకి ముందు నేనొక్కదాన్నే వెళ్తాను. గూళ్లన్నీ నా చేత్తో తీసి చూస్తాను, బాత్‌రూమ్ కూడా. అమ్మ నొచ్చుకున్నా సరే చూస్తాను. ఆమె నా పక్కన నిలబడి ఏది ఏమిటో చెప్పాలి. నువ్వు చెప్పకు, ఆమే చెప్పాలి. కుంకుళ్లు ఉడకబెట్టే పనుంటే నేను వచ్చేదాకా ఆగమను, వడకట్టడం నేను చూసుకుంటాను.

వాడు ఇడ్లీ పాలల్లో నానబెట్టి పెడితే తింటున్నాడు. చారన్నం మెత్తగా పిసికి పెట్టాలి. కారం ఏదీ వద్దు. అమ్మ తినిపిస్తానంటే తినిపించనీ. నేను పక్కనే కూర్చుంటాను.

ఇట్లు,
నజ్మీన్.

తా.క. హయాత్ మీ ఇంటికి రావాలంటే భయపడుతున్నాడని ఇదివరకు ఫోన్‌లో అన్నయ్యతో చెప్పాను. అది నిజం కాదు. వాడికి ఆ రోజు అసలు గుర్తే లేదు. భయం నాది. ఇంకో సంగతి, ఇది అమ్మకి నువ్వే ముందుగా మెల్లిగా చెప్పి ఉంచు. వాడికి అమ్మమ్మ ముఖం కూడా గుర్తు లేదు. చూడగానే ఎవరని అడుగుతాడు.