గడ్డ వయసు

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేయకుండా ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్‌లో మాట్లాడితే నీ మరదలు తలుపు చాటున నిలబడి వింటోంది. అందుకే బేకరీలో పిండి బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. కాగితానికి పిండి అంటితే దులుపుకో.

అక్కా, తనకి మతి చలించింది. ఊరికే అనడం లేదు. పోయిన వారం ఓవెన్‌లోంచి నాలుగు ట్రేల బన్నులు తీసి చెత్తబుట్టలో పారబోసింది. "మాడిపోయాయి, వాసన రావట్లేదా మీకు?" అని నా మీద అరిచింది. ఏ వాసనా లేదు! మొన్న పొద్దున్నయితే పరుగున వచ్చి గ్యాస్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, కొనడానికి వచ్చినవాళ్ళని వీధిలోకి తరిమేసింది. గ్యాస్ నేనే తెరిచి వదిలేశానట. ఇరవై రెండేళ్ళుగా ఓవెన్ ముందు నిలబడ్డవాణ్ణి, గ్యాస్ వాసన నాకు తెలియదా?

"మీరు మీరులా లేరు" అంటుంది. నా కళ్ళలోకి అదోలా చూస్తుంది. నిన్న బ్రెడ్ కోసే కత్తులన్నీ ఎక్కడో దాచేసింది. నాకు భయంగా ఉంది.

నువ్వు రోజంతా గాజు పలకల మీద జనం మెదళ్ళు చూస్తూ కూర్చుంటావు కదా. మీ ఆసుపత్రిలో మంచి మానసిక వైద్యుడెవరైనా ఉంటే చెప్పు.

దిగులుతో,
నీ తూనీగ


ప్రియమైన తూనీగా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మనింట్లో అందరికన్నా నిదానస్తురాలు ఆ పిల్లే. తను అలా చేసిందంటే మనసు ఒప్పుకోవడం లేదు.

డాక్టరు పేరు చెప్పేముందు ఒక సంగతి. మా పరిశోధన ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు, చెబితే నీకు ఆవలింతలొస్తాయి. పిచ్చాసుపత్రిలో చనిపోయినవాళ్ళ మెదళ్ళు కొన్ని ముప్పై నలభై ఏళ్ళుగా మందునీళ్ళ డబ్బాల్లో ఉండిపోయాయి. వాటిని కోసి, పల్చటి పొరలు తీసి, మైక్రోస్కోపు కింద పెడతాం. కేసు కాగితాల్లో రాసిన జబ్బుకీ లోపల ఉన్నదానికీ పొంతన ఉందా అని చూస్తాం. ఈ వారం ఒక కుట్టుపని ఆవిడ డబ్బా తెరిచాను. పదకొండేళ్ళు వార్డులో ఉంచారు. "అనుమానం, కోపం, వేళాకోళం, అకారణంగా నవ్వు" అని కాగితంలో ఉంది. లోపల, నుదుటి వెనక, నిమ్మకాయంత గడ్డ. బతికుండగా ఎవరూ చూడలేదురా. ఆ రోజు ఇంకో డబ్బా తెరవలేదు.

అందుకే అడుగుతున్నాను. మరదలికి తలనొప్పి ఉందా? చూపు మసకగా ఉందంటోందా? వాంతులు? ఇదంతా ఎప్పటి నుంచి? ఒక్కొక్కటీ చూసి రాయి. అంతదాకా తనని ఒక్క మాట కూడా అనకు.

నీ జవాబు కోసం వేయి కళ్ళతో చూస్తూ,
అక్క


ప్రియమైన డాక్టరమ్మగారికి,

ఇవిగో తమరి ప్రశ్నలకి జవాబులు. తలనొప్పి తనకి లేదు, నాకుంది. పొద్దున లేచేసరికి తల బద్దలైపోతోంది, అంతా తన పుణ్యమే. చూపు భేషుగ్గా ఉంది, నా తప్పులన్నీ కనిపిస్తున్నాయిగా! వాంతులు లేవు. చాలా?

మా పిండి కలిపే పెద్దాయన పోయాడు. "ముప్పై ఏళ్ళు పిండిని పొంగించినవాడు, చివరికి తనే అణిగిపోయాడు" అన్నాను శవం పక్కనే నిలబడి. ఒక్కళ్ళూ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. నీ మరదలు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది, అందరి ముందూ. చూశావా దాని పొగరు?

ఇంక ఊరుకోను. మూడు రోజులైంది, దాన్ని పిండి బస్తాల స్టోరు గదిలో పెట్టి తాళం వేశాను. మొదట్లో తలుపు బాదింది. ఇప్పుడు చప్పుడు లేదు. అన్నం పెడుతున్నానులే. మా వీధి డాక్టరు నా మాట మీద, దాన్ని చూడకుండానే సంతకం పెట్టేశాడు. బుధవారానికి వ్యాను మాట్లాడాను. పిచ్చాసుపత్రిలో దింపేసి వస్తాను.

నువ్వు కూడా ఒక సంతకం పెట్టి పంపు. మా పిండి కలిపే పెద్దాయన పోయాడు, నీకు చెప్పానా?

నీ తమ్ముడు


ప్రియమైన తూనీగా,

కళ్ళు తిరగకుండా నాలుగు వరుసలు చదవగలుగుతున్నావని నర్సు చెప్పింది, అందుకే రాస్తున్నాను. నీ మంచం పక్కన నిలబడి చెప్పే ధైర్యం లేదు. మూడంతస్తుల కింద ల్యాబ్‌లో కూర్చుని రాస్తున్నాను.

నీకు అబద్ధం చెప్పాను. మంగళవారం కారేసుకుని వచ్చి, "మరదలికి మా దగ్గరే పరీక్షలు చేయిద్దాం, భర్త పక్కన ఉండాలి" అన్నాను, గుర్తుందా? పరీక్ష తనకి కాదు. నీ ఉత్తరం చదువుతుంటేనే నాకు అర్థమైంది, జబ్బు నీదని. మాడు వాసన, గ్యాస్ వాసన తెలియనిది ఎవరికి? శవం పక్కన నవ్విందెవరు? ఆ కుట్టుపని ఆవిడ కేసు కాగితాన్ని నువ్వే మళ్ళీ రాసి పంపినట్టనిపించింది.

ఇక్కడ నరాల డాక్టరు నీ కళ్ళు మూయించి కాఫీపొడి సీసా ముక్కు దగ్గర పెడితే, "ఖాళీ సీసాతో ఆటలేంటండీ?" అన్నావు. నేను మొహం తిప్పుకున్నాను. స్కాన్‌లో ముక్కుకి సరిగ్గా పైన, మెదడు ముందు భాగాన్ని వెనక్కి నెడుతూ, కమలాపండంత గడ్డ.

ఆపరేషన్ రోజు ఆ ముక్కలు మా ల్యాబ్‌కే వచ్చాయి. సొంతవాళ్ళది చూడకూడదని మా పెద్ద డాక్టరు నన్ను బయట నిలబెట్టారు. ఆయన మైక్రోస్కోపు మీంచి తల ఎత్తేదాకా తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. క్యాన్సరు కాదురా. మెదడుది కాదు, దాని పైపొరది. నిదానంగా పెరిగే రకం, బహుశా ఏడెనిమిదేళ్ళుగా పెరుగుతోంది. మొత్తం తీసేశారు. వాసన మాత్రం ఇక తిరిగి రాకపోవచ్చు.

మరదలు వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంది. స్టోరు గది తాళం తీసినప్పుడు తను నేరుగా వెళ్ళి నా కారులో కూర్చుంది. నువ్వు మనసు కష్టపెట్టుకోకు. అదంతా చేసింది నువ్వు కాదు, గడ్డ. తనకీ అదే చెప్పాను. నీ కేసు మా పరిశోధనలో రాయాలనుంది, పేరు లేకుండా. ఒప్పుకుంటావా?

నీ తల నిమరాలని ఉండి, కట్టు చూసి ఆగిన
అక్క


ప్రియమైన అక్కకి,

కుట్లు విప్పారు. బేకరీ తెరిచాను. వాసన లేదు కాబట్టి గడియారం చూసి ట్రేలు తీస్తున్నాను. నువ్వు తిరిగిచ్చిన నా ఉత్తరాలు చదివాను. చేతిరాత నాదే. "దాని పొగరు" అన్నచోట ఆగిపోయాను, ముందుకి వెళ్ళలేకపోయాను.

నిన్న తను వచ్చింది, బట్టలు తీసుకెళ్ళడానికి. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగింది, "అదంతా గడ్డ చేసిందని మీ అక్క అన్నారు. నన్ను ఆ గదిలో పెట్టింది కూడా గడ్డేనా?"

అవును అందామని నోరు తెరిచాను. ఎంత తేలికో! నీలాంటి డాక్టరే చెప్పాక కాదనేదెవరు? కానీ ఇప్పుడు నా బుర్ర శుభ్రంగా ఉందక్కా, అదే వచ్చిన చిక్కు. అన్నీ గుర్తొస్తున్నాయి. గడ్డకి ఏడెనిమిదేళ్ళు అన్నావు. మా పెళ్ళయి పద్నాలుగేళ్ళు. తనని ఆ గదిలో పెట్టి నేను మొదటిసారి తాళం వేసింది పెళ్ళయిన రెండో ఏడు. ఏదో మాటకి ఎదురు చెప్పిందని. ఒక పూటంతా ఉంచాను. తర్వాత తలుపు తీసి, ఏమీ జరగనట్టు బన్నులు సర్దమన్నాను. సర్దింది. ఆ సంగతి నీకు తెలియదు. ఎవరికీ తెలియదు.

తనకి అదే చెప్పాను. "ఈసారిది గడ్డేమో, నాకు తెలియదు. మొదటిసారిది నేనే."

"నాకు తెలుసు. మీకు తెలుసో లేదో చూద్దామని అడిగాను" అంది. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. అడిగే మొహం నాకు లేకపోయింది.

నా కేసు రాసుకో అక్కా. తలనొప్పి రాయి, వాసన రాయి, శవం దగ్గర నవ్వు రాయి. స్టోరు గదిని మాత్రం గడ్డ మీదికి నెట్టకు. అది పుట్టకముందు నుంచే ఆ తాళంచెవి నా జేబులో ఉంది.

నీ తమ్ముడు