వ్యాను, రెండు ఇంజన్లు, నా సంతకం

ఫిబ్రవరి 24న హైదరాబాదులో నా మెడ వెన్నుపూస దగ్గరున్న గడ్డకు ఆపరేషన్. ప్రాణభయం తక్కువే గానీ కుడిచేతి పట్టు పోవచ్చని డాక్టరు చెప్పారు. మా ఇంట్లో సంతకం పెట్టగల చెయ్యి ఇదొక్కటే. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మణుగూరు మండలంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని, ఇసంపల్లి అంతోనయ్య, విశ్రాంతమ్మల కూతురిని, ఇరవై ఏడేళ్ల ఏంజెల్ అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, సొంత దస్తూరితో రాసిన వీలునామా ఇది. తెలివి సరిగ్గానే ఉంది. మనసే ఒకచోట నిలవడం లేదు. మూడో షరతు ఇప్పటికి నాలుగుసార్లు కొట్టేశాను. దీన్ని అమలు జరపవలసింది మా ప్రధానోపాధ్యాయురాలు నిర్మలాదేవి గారు. తల్లాడ దగ్గర మిరప కోతల్లో ఉన్న మా నాయనకు, అమ్మకు, అన్న జస్టిన్‌కు ఆమే ఈ వారంలో అక్కడికి వెళ్లి చదివి వినిపిస్తారు.

1. నాకున్న ఆస్తి ఒక్కటే: 2004 మోడల్ డీజిల్ వ్యాను. 2017లో నాయన దాన్ని పాత బండ్ల వేలంలో కొన్నప్పుడు నాకు పద్దెనిమిది నిండి మూడు వారాలు. అందరి ముందు వేలిముద్ర వెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. "మా బిడ్డ సంతకం పెడ్తది, బండి ఆమె పేరు మీదనే రాయుండ్రి" అన్నాడు. స్టీరింగ్ పట్టుకోవడం కూడా రాని నేను ఓనరునయ్యాను. సీట్లు తీసేసి రెండు బల్ల మంచాలు, పొయ్యికి అరుగు, లోపల గడియ పెట్టుకునే తలుపు ఆయనే చేశాడు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చేను గట్టున అదే మా ఇల్లు. నా బీఈడీ పుస్తకాలు సగం అందులోనే చదివాను.

2. ఇంజను సంగతి. 2024లో కోతల నుంచి తిరిగొస్తుంటే దమ్మపేట దగ్గర రేడియేటర్ పైపు పగిలింది. ఆవిరి చూసి నాయన, కూలీల కోసం తడి గోనె చుట్టి ఉంచిన డ్రమ్ములోని చల్లటి నీళ్లు మరుగుతున్న ఇంజనులో పోశాడు. ఎండదెబ్బ తగిలిన మనిషికి ఏం చేస్తామో అదే చేశాడు. ఇంజను బీటలు వారింది. నిర్మలాదేవి గారూ, ఇది ఆయన ముందు చదవవద్దు; ఆ మాట ఆయన దగ్గర ఎవరూ ఎత్తవద్దు.

అన్న విజయవాడ నుంచి ఒక పికప్ బండి ఇంజను రసీదుతో సహా తెచ్చాడు. అది దొడ్లో టార్పాలిన్ కింద ఉంది. మెకానిక్ రెడ్యాను అడిగాను. "పాతదాన్ని బాగుచేస్తే రెండు సీజన్లు నడుస్తది టీచరమ్మా, అటెన్క సామాన్లు దొరకయ్. ఇది పెడ్తే గుర్రమే. గుర్రానికి మేకపగ్గం కడ్తరా? బ్రేకులు, బరువు మోసే కమాన్ కట్టలు, రేడియేటర్ గూడ మార్చాలె" అన్నాడు. ముందు రవాణా ఆఫీసు అనుమతి కావాలి. కొత్త ఇంజను నంబరు ఆర్సీలో ఎక్కకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా రాదు. అన్నిటికీ ఓనరు సంతకం కావాలి.

బండిగా మాత్రమే చూస్తే ఈ పని దండగ. ఇంతకంటే తక్కువ శ్రమతో నడిచే బండి ఇంకొకటి దొరుకుతుంది. అందులో మన మంచాలు ఉండవు.

3. అనుమతి దరఖాస్తు దాదాపు రెండేళ్లుగా నా ట్రంకు పెట్టెలో ఉంది. ఆఫీసులో ఆలస్యమవుతోందని అన్నకు అబద్ధం చెప్పాను. సంతకం పెట్టనిది నేనే. బండి కదలకపోతే అమ్మ కోతలకు పోదనుకున్నాను. ఘాటుకు వేళ్లు మండి, చేతులు మజ్జిగ గిన్నెలో ముంచి, అన్నం నన్ను కలిపి పెట్టమనేది. అది మళ్లీ చూడలేననుకున్నాను. అమ్మ ఆగలేదు. నిరుడూ ఈ ఏడూ ఎవరిదో ట్రాక్టర్ ట్రాలీలో నిలబడి పోయింది. టార్పాలిన్ డేరాలో ఉంటోంది. ఫోన్లో కోప్పడితే, "నువ్వు బడికి పోతవ్, నేను ఇంట్ల గోడలు చూస్కుంట కూసోవాల్నా? నలుగుర్ల నవ్వుకుంట కోసేది నాకు అలవాటు. గడియ తలుపు ఒక్కటే లేకపాయె బిడ్డా" అంది. నా ప్రేమ వల్ల ఆమెకు పోయింది ఆ తలుపు ఒక్కటే.

దరఖాస్తు మీద ఈ రోజు సంతకం పెట్టాను.

4. నా తదనంతరం వ్యాను, ఏ ఇంజనుతో ఉన్నా, అన్న జస్టిన్‌కు చెందాలి. "తోలేది నేను, పేరేమో నీది. నేను నీ డ్రైవర్నా చెల్లే?" అని నవ్వుతూ అన్నాడొకసారి. నాకు నవ్వు రాలేదు. అతను నాగలి సాళ్ల వెంట తిరిగిన ఏళ్లలోనే నేను బడికి పోయాను. బ్రేకులు మార్చకుండా ఇంజను మారిస్తే ఈ షరతు చెల్లదు. తలుపు పక్క మంచం అమ్మ ఉన్నంత కాలం అమ్మదే.

5. పాత ఇంజను నాయనకు. తుక్కుకు వెయ్యవద్దు. ఎవరూ చూడనప్పుడు ఆయన దాని మీద చెయ్యి పెట్టి నిలబడడం నేను చూశాను.

6. తల్లాడ ఆసామి చెంచురామయ్య గారికి నా బీఈడీ పట్టా ఫొటో. "ఈ పుస్తకాలు మిరపకాయలు కోస్తాయా అమ్మాయ్? ఆ బస్తా పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. వాన వచ్చినప్పుడు మా వ్యానును తన కల్లం షెడ్డులో పెట్టుకోనిచ్చిందీ ఆయనే కనుక, ఫొటోకు ఫ్రేము కూడా కట్టించి ఇవ్వాలి.

7. అన్నకు ఒక రెండు గీతల నోటుబుక్కు. దిద్దుకోవడానికి పేజీ పేజీకీ చుక్కలతో అతని పేరు రాశాను. ఇది నేను పోయేదాకా ఆగదు. ఈ కాగితాలతోనే పంపుతున్నాను.

మణుగూరు, 10 ఫిబ్రవరి 2026
(సంతకం) ఇసంపల్లి ఏంజెల్

సాక్షులు:
గ్రేస్, తోటి ఉపాధ్యాయురాలు
గోపాలు, పోస్ట్‌మ్యాన్

తా.క. పాతది బాగుచేయడమా, వేరేది పెట్టడమా, అమ్మేయడమా? ముగ్గురూ కూర్చుని తేల్చండి. నన్నడిగితే వేరేదే పెట్టమంటాను. అమ్ముదామన్నా నాకు కోపం లేదు. విభూది బుధవారం, ఫిబ్రవరి 18 లోపు జవాబు పంపితే, చెయ్యి పనిచేస్తుండగానే మర్నాడు ఆఫీసుకు నేనే పోతాను. మీ మాట నిర్మలాదేవి గారు రాస్తారు. కింద నీ సంతకం ఉండాలి అన్నా. 'స్టి' వంకరగా వచ్చినా సరే, వేలిముద్ర మాత్రం వద్దు.