సైదులుకు పెట్టిన ఇంకో పేరు

యాదగిరిగుట్ట,
శుక్రవారం.

అమ్మకు, నీ బిడ్డ ప్రవళిక దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, మా అత్తమామలూ, పిల్లవాడూ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ, బర్రె, దూడ అంతా బాగున్నారని తలుస్తాను. బాగున్నామని రాయడం రివాజు కనుక రాశాను. పిల్లవాడి మటుకు అది నిజమే. మిగతాది చదువుతూ పో, నీకే తెలుస్తుంది.

మన ఊరి లింగస్వామి మామ పోయిన శనివారం మా దుకాణానికి కొబ్బరికాయలు తెచ్చినప్పుడు నీ ఉత్తరం ఇచ్చాడు. అత్తమ్మ డబ్బులు తేవడానికి లోపలికి వెళ్ళేదాకా ఆగి, "మీ అమ్మ ఒట్టు వెట్టించుకున్నది బిడ్డా, నీ సేతులనే వెట్టాల్నని" అంటూ నా చేతిలో పెట్టాడు. స్నానాల గదిలో గడియ వేసుకుని చదివాను. ఈ ఇంట్లో నేను గడియ వేసుకోగలిగిన గది అదొక్కటే. మామ రేపు మళ్ళీ వస్తాడు. ఆలోగా ఇది పూర్తి చేయాలని దొరికినప్పుడల్లా రెండు ముక్కలు రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

ఫోనులో పొడిపొడిగా ఎందుకు మాట్లాడుతున్నావని అడిగావు. నా ఫోను పగిలిపోయింది కదా, మళ్ళీ కొనలేదు. "ఇంట్ల రెండున్నయి, మూడోది ఎందుకు?" అన్నారు. నువ్వు చేసినప్పుడల్లా అత్తమ్మ ఫోనుకే వస్తుంది. "ఉండు, నేను గూడ వియ్యపురాలితోని మాట్లాడ్త" అని స్పీకరు నొక్కుతుంది. చెడుగా కాదు, ప్రేమగానే నొక్కుతుంది. ప్రేమగా చేసేదాన్ని వద్దనడం ఎలాగో నాకు చేతకాదు. అందుకని నువ్వు ఏమడిగినా ఆ, ఊ, బాగున్న అంటాను. చిన్నప్పుడు నా నోటికి తాళం వేయలేక బడిలో పంతులు బెంచీ ఎక్కించేవాడని చెప్పుకుని నవ్వేదానివి. ఆ నోరే ఇది.

పళ్ళు వచ్చాయా అన్నావు. కింద రెండు వచ్చాయి. అవి వచ్చిన దగ్గరనుంచి నా మీద పగబట్టినట్టు కొరుకుతున్నాడు. పాకుతూ పోయి దుకాణంలో కుంకుమ పొట్లాలు చింపి, ఒళ్ళంతా పూసుకుని ఉగ్రనరసింహుడిలా కూర్చుంటాడు. వాళ్ళ తాత తిట్టబోయి నవ్వేస్తాడు. తాతకు వాడంటే ప్రాణం. అందులో అబద్ధం లేదు.

జ్వరం తగ్గింది. అది సూది వేయించినందుకు వచ్చిన జ్వరం, పిల్లలందరికీ వస్తుంది. "మొక్కిన పేరు వెట్టనందుకే వచ్చింది" అని రాశావే, ఆ మాట చదివాక నాకు అన్నం సయించలేదు. అమ్మా, దూరాన కూర్చుని అలాంటి మాట రాయవచ్చా? నీ మీద కోపం వచ్చింది. కోపమైతే వచ్చింది కానీ, ఆ సాయంత్రమే వాడి నుదుటి మీద చెయ్యి వేసి, మనం మొక్కిన సైదన్నను తలుచుకుని, "తప్పు నాది సైదన్నా, పిలగాంది గాదు" అన్నాను. ఎవరూ వినకుండా అన్నాను.

ఇక నువ్వు గుచ్చి గుచ్చి అడిగిన పేరు సంగతి. మొదటి నుంచీ చెబుతాను.

ఇద్దరు కడుపులోనే పోయాక ఈసారి నెల తప్పినప్పుడు మనిద్దరం సైదన్న కొలువున్న జాన్‌పహాడ్ దర్గాకు వెళ్ళాం. నువ్వు కొంగు పరిచి, "నిలవెట్టు సైదన్నా. నీ పేరే వెట్టుకుంటం, పుట్టెంట్రుకలు నీకే ఇస్తం" అన్నావు. నేనూ నీ పక్కనే కొంగు పరిచాను, కనుక మొక్కు నీ ఒక్కదానిదే కాదు. నీ పేరు కూడా అలా అమ్మమ్మ మొక్కితే వచ్చిందే. మన వాడకట్టులో సైదులూ అని కేకేస్తే నాలుగు ఇళ్ళలోంచి పలుకుతారు, సైదమ్మా అంటే ఆరుగురు. వాళ్ళెవరూ తురకలు కారు. ఇది ఎవరి పేరు అని మన ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. అడిగే ఊరు ఒకటి ఉంటుందని నాకూ తెలియదు.

పురుటి మంచం మీద ఉండగానే ఈ మాట చెప్పాను. మామయ్య వీరేశం గారు గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, "బిడ్డా, గుట్ట కింద పూజ సామాను అమ్ముకొని బతుకుతున్నం. మనుమనికి తురక పేరు వెడితే పక్క దుకాణపోడు ఊకుంటడా? పదిమందికి సెప్పి మన బేరం జెడగొడ్తడు" అన్నాడు. ఆయన భయం ఉత్తది కూడా కాదు. గుడి కొత్తగా కట్టిన తరువాత జనం పెరిగారు, దుకాణాలు అంతకంటే పెరిగాయి. నేను నీ అల్లుడి ముఖం చూశాను. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. మంచివాడే అమ్మా. కొబ్బరికాయ ధర దగ్గర తప్ప ఎక్కడా నోరు తెరవడు.

పంతులు 'అ' అక్షరం ఇచ్చాడు. ఉప్పల్ నుంచి ఆడబిడ్డ పూజ వచ్చి, ఫోనులో వెతికి, "వదినా, అయాన్! దేవుడిచ్చిన వరం అని అర్థం. ఇప్పుడు అందరు గిదే వెడ్తున్రు" అంది. అందరికీ నచ్చింది. తొట్టెల నాడు నీ అల్లుడు బియ్యంలో ఉంగరంతో రాసి, వాడి చెవిలో మూడుసార్లు చెప్పాడు. నువ్వు ఆ మూలన నిలబడి నా వైపే చూస్తున్నావు. నేను తల దించుకున్నాను. ఇదంతా నీకు తెలిసిందే. తెలియనిది ఇప్పుడు చెబుతాను.

ఆ జ్వరం తెచ్చిన సూది వేయించడానికి ఆమధ్య దవాఖానకు వెళ్ళాను. నేను ఒంటరిగా గడప దాటేది ఆ ఒక్క పనికే. నర్సమ్మ "అయాన్!" అని పిలిచింది. ముగ్గురం లేచాం. నర్సమ్మ తల కొట్టుకుని, "అయ్యో, ఇంటి పేర్లు సెప్పున్రమ్మా" అంది. అందరం నవ్వాం. లేచిన ముగ్గురిలో ఒకామె షాహీన్. బట్టలు కుడుతుందట. పిల్లవాణ్ణి ఒళ్ళో ఆడిస్తూ నన్నడిగింది:

"అక్కా, మీరు హిందువులు గదా. మా పేరు ఎట్ల వెట్టుకున్నరు?"

"మీ పేరు అంటె ఏంది?" అన్నాను.

"అయాన్ అరబ్బీ పేరే గదా. మా గల్లీలనే నలుగురున్నరు."

బియ్యంలో ఉంగరంతో రాసింది గుర్తొచ్చింది. తరువాత నవ్వు తన్నుకొచ్చింది. "దేవుడిచ్చిన వరం అంట గదా?" అన్నాను.

"ఫోన్ల గట్లనే ఉంటది. మా నాయిన అరబ్బీ సదివిండు. గది వరం గాదు, ప్రశ్న అంటడు. 'ఎప్పుడు' అని అడిగినట్టంట. పేరు వెట్టిన కాడికెంచి మా ఆయన్ని సతాయిస్తుండు." మా అమ్మది కూడా దర్గా పేరే అన్నాను. ఆమె నవ్వి, "మరి మీ అమ్మ పేరేంది?" అంది. సైదమ్మ అని చెప్పాను. "సయ్యద్ అంటే పెద్దమనిషి, దొర అన్నట్టు. మంచి పేరు" అంది. అమ్మా, ఈ గుట్ట మీద నీ పేరు నా నోటితో పలికింది ఆ ఒక్కరోజే. ఇంట్లో నువ్వు 'ప్రవళిక వాళ్ళమ్మవు' మాత్రమే.

ఇంటికి వస్తూ ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను. ఇప్పుడే వెళ్ళి చెప్పాలి, మీరు సైదులు వద్దని తరిమి, అరబ్బీ పేరే వెతికి తెచ్చి, బియ్యంలో రాసి మరీ పెట్టుకున్నారని. మామయ్య ముఖం ఎలా మారుతుందో చూడాలనిపించింది. గడప దగ్గరికి వచ్చేసరికి ఆ హుషారు దిగిపోయింది. చెబితే ఏమవుతుంది? ఈ పేరూ తీసేస్తారు. ఆరాష్ అనో ఇంకేదో అనో పెడతారు. సైదులు అని మాత్రం పెట్టరు. ఎవరు చెప్పారని అడుగుతారు, షాహీన్ అంటాను, ఇకమీదట సూదికి అత్తమ్మే తీసుకెళ్తుంది. అందుకని మింగేశాను. గెలిచే మాట నోట్లో పెట్టుకుని ఓడిపోయినదాన్లా తిరుగుతున్నాను. రోజంతా వాణ్ణి అయాన్, అయాన్ అని పిలుస్తాను. ఎప్పుడు, ఎప్పుడు అని నన్ను నేనే అడుక్కుంటున్నట్టు ఉంటుంది. వాడికేం తెలుసు, పిలిచినప్పుడల్లా తిరిగి చూసి నవ్వుతాడు.

ఎప్పుడు వస్తావని నువ్వూ అడిగావు. ఒకసారి అడిగి చూశాను. నాలుగు రోజులు అమ్మ దగ్గరికి పోయి వస్తానన్నాను. "పో బిడ్డా, ఎవరొద్దన్నరు? పిలగాణ్ణి మేం సూసుకుంటం" అన్నాడు మామయ్య. పిల్లవాడు మన ఊరికి వస్తే నువ్వు దర్గాకు తీసుకుపోతావని వాళ్ళకు తెలుసు. నాకు తలుపులన్నీ తెరిచే ఉన్నాయి అమ్మా. వాణ్ణి ఎత్తుకుంటే మాత్రం ఒక్కదానిలోంచీ పట్టను. పాలు తాగే వాణ్ణి వదిలి ఎలా వస్తాను?

వచ్చే నెల గుట్ట మీదే పుట్టెంట్రుకలు తీయిస్తున్నారు. పత్రికలు కూడా అచ్చయ్యాయి. నీకూ వస్తుంది. అది చూసి ఏడుస్తావని తెలుసు. అందుకే ఇన్ని పేజీలుగా దాచుకుంటూ వచ్చిన సంగతి ఇప్పుడు చెప్పేస్తాను.

మంగళవారం దుకాణంలో రద్దీగా ఉంది. అత్తమ్మ కూడా అక్కడే ఉంది. వాడికి నీళ్ళు పోసి, తల తుడిచి, గోళ్ళు తీసే కత్తెర తీసుకున్నాను. ఎడమ చెవి వెనక, జుట్టు ఒత్తుగా ఉన్న చోట ఒక కుచ్చు కత్తిరించాను. "నీదే సైదన్నా" అన్నాను. వాడి చెవి తెగకుండా వేలు అడ్డం పెట్టుకున్నాను. నరసింహస్వామికీ దండం పెట్టుకున్నాను. మిగిలిన తలంతా నీదే తండ్రీ, ఈ పిడికెడు కోసం కోప్పడకు అన్నాను. ఆయన్ను చిన్నప్పటి నుంచీ కొలుస్తున్నాను, ఆయనతో నాకు పంచాయితీ లేదు.

సాయంత్రం అత్తమ్మ వాడి తలకు నూనె రాస్తూ అక్కడికి వచ్చి ఆగింది. వేలితో తడిమింది. నేను పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఆమె నన్ను చూడలేదు. "పండుకొని పండుకొని ఈడ ఎంట్రుకలు రాలినయి" అని, పక్క జుట్టు దాని మీదికి దువ్వింది. తెలిసిందో లేదో నాకు తెలియదు. తెలిసి ఊరుకుందేమో అనుకుంటే ఇంకా భయంగా ఉంది. అప్పటి నుంచి ఆమె ఏం అడిగినా ఉలిక్కిపడుతున్నాను.

ఈ కాగితాల మధ్య పసుపు గుడ్డ మడత ఉంది, జాగ్రత్తగా విప్పు. వాడి వెంట్రుకలు గాలికి పోతాయి. వచ్చే శుక్రవారం తీసుకుపోయి సైదన్నకు ఇచ్చిరా. మేకను కోసి కందూరు విందు చేయలేకపోయామని చెప్పు, అది తరువాత చూసుకుంటామని చెప్పు. తల్లీ కొడుకూ ఎందుకు రాలేదని అక్కడ ఎవరైనా అడిగితే నీకు తోచింది చెప్పు.

ఇచ్చి వచ్చాక ఫోను చెయ్యి, కానీ ఇచ్చానని చెప్పకు. స్పీకరు ఉంటుంది. "అన్నం తిన్నవా బిడ్డా" అని మాత్రం అడుగు. నువ్వు ఎప్పుడూ అడిగేదే కనుక ఎవరికీ అనుమానం రాదు. నేను తిన్నానమ్మా అంటాను. వాడు నా ఒళ్ళోనే ఉంటాడు, వాడి గొంతు నీకు వినిపించేలా కూర్చుంటాను.

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టెయ్. మోకాళ్ళకు నూనె రాయడం మరువకు.

ఇట్లు,
నీ బిడ్డ,
సైదులు తల్లి.