వగరెక్కిన తుమ్మాకు

లింపోపో నది ఒడ్డు,
చలికాలం

మొసీమాకు,

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ అమ్మా క్షేమమని చదివి కుదుటపడ్డాను. మన ఫూటీగాడి దగ్గుకి ఆవిరి పట్టించు. నువ్వు పంపిన ఎండు ఆకుకూర అందింది. సగం నాతో కంచె పని చేసే మలోసే బాబాయే తినేశాడు.

పెట్టె సర్దుకుని, ఫూటీతో ఇక్కడికే వచ్చేయనా అని అడిగావు. దొర గది ఇస్తానన్న మాట నిజమే. దానికి జవాబు చివర రాస్తాను.

వానలు లేక గడ్డి ఎండిపోయింది. దొర వేట కోసం కంచె వేసి పెంచుతున్న కుడూ జింకలు చచ్చిపోతున్నాయి. ఒంటిమీద చిరుత గాటు ఉండదు. కడుపు నిండా ఆకే ఉంటుంది. మేత అందక చస్తున్నాయనుకుని మేమే తుమ్మ కొమ్మలు నరికి కింద పడేశాం. నరికేకొద్దీ చావులు పెరిగాయి.

విశ్వవిద్యాలయం నుంచి ఒకామె వచ్చి, చచ్చినదాని కడుపు కోసి చూసింది. నన్ను ఒక ఆకు నమలమంది. నాలుక బిగుసుకుపోయింది.

"కొరికినా నరికినా చెట్టు ఆకులో వగరు పెంచుకుంటుందయ్యా. దాని వాసన గాలికి పోతే పక్క చెట్టూ పెంచుకుంటుంది. అది ఎక్కువ తింటే కడుపులో అరగదు."

"మరి ఇన్నేళ్లూ ఎలా బతికాయమ్మా?"

"కాస్త కొరికి, గాలికి ఎదురు నడిచి, వాసన తగలని చెట్టుకి పోయేవి. ఇప్పుడెక్కడికి పోతాయి?"

మలోసే బాబాయి నవ్వాడు. "చెట్టుకున్న పౌరుషం నీకు లేదురా లెసిబా. దొర రోజూ కొరుకుతాడు, నువ్వు తియ్యగానే ఉంటావు."

దొరని కంచె తీయమని అడిగాను. "అవతలికి పోతే పక్కవాడివైపోతాయి. నీ పని తీగ బిగించడం. బిగించు" అన్నాడు.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఆదివారం దొర చర్చికి వెళ్లాక, గాలి వచ్చే వైపు తీగలు కత్తిరించాను. బండి పట్టేంత సందు. మంద వచ్చి, తీగ ఉండే చోట ఆగింది. తలలెత్తి అవతలి తుమ్మల వాసన చూశాయి. వెనక్కి తిరిగాయి. ఒక ఆడది మాత్రం దాటింది. ఇంతలో దొర బండి చప్పుడు వినపడింది. తీగలు మళ్లీ కలిపి మెలేశాను. అది బయట ఉండిపోయింది.

అక్కడ మేత బాగుంది, అది ఒళ్లు చేసింది. అయినా పొద్దువాలితే కంచె దగ్గరికొచ్చి, లోపలి మందతో పాటు తీగ వెంబడే నడుస్తుంది. నిన్న దూకబోయి కాలు చీరుకుంది.

"లోపలికొస్తుందట, పిచ్చిది" అన్నాడు బాబాయి.

నువ్వు రావద్దు మొసీమా. గదికి కిటికీ ఉంది. అందులోంచి కనపడేది కంచే. ఫూటీ ఇక్కడ నడక నేర్చుకుంటే తీగ దాకానే నేర్చుకుంటాడు.

నువ్వెప్పుడొస్తావని నన్ను అడగకు. సందు చేసింది నేనే. మంద వెనక్కి తిరిగినప్పుడు నేనూ ఇవతలే ఉన్నాను.

ఆవిరి మానకు.

ఇట్లు,
ఫూటీ నాన్న,
లెసిబా