రినా స్లైడు

మెల్దా అక్కకు,

నెస్టా రాస్తున్నది. అమ్మా నేనూ బాగున్నాం. చేపల ఫ్యాక్టరీలో నిన్ను చలిగదికి మార్చారని రాశావు, స్వెట్టరు కొనుక్కున్నావా? నువ్వడిగినట్టే వంటపాకకు కొత్త ఆకు కప్పించాం. పడవ మోటారు ఇంకా మూలుగుతూనే ఉంది. రినా అమ్మను తలుచుకుంటోందా అన్నావు. తలుచుకుంటోంది. ఇప్పుడే రెండు గరిటెలు గంజి తాగి పడుకుంది. గంజి ఎందుకంటావా, అదే చెప్పలేక ఇంతసేపూ మోటారు గురించి రాశాను.

పోయిన సోమవారం చర్చి పాటల పోటీలకొచ్చిన జనం జ్వరాలతో మా క్లినిక్కు మీద పడ్డారు. నేను మైక్రోస్కోపులో చూడాల్సిన నెత్తురు స్లైడ్లు ముప్పై. ఒక్కోదాని మీద ఓ పక్క పలచటి పూత, ఇంకో పక్క కొద్దిపాటి క్రిముల్నీ పట్టిచ్చే మందపు చుక్క. స్పిరిట్ పూతకే తగలాలి. చుక్కకు తగిలితే నెత్తురు గట్టిపడి, రంగు వేసినా మలేరియా క్రిమి కనపడదు. పదకొండేళ్ళుగా నేనే అందరికీ నేర్పుతున్న మాట ఇది. కానీ వాన. చుక్కలు ఆరలేదు. తడి నెత్తుటిని బొద్దింకలు నాకేస్తాయని భయపడి అన్నిటినీ స్పిరిట్లో నిండా ముంచేశాను అక్కా. వాటిలో జ్వరమొచ్చిన రినాదీ ఉంది.

మసగ్గా కనపడితే రంగు పాతబడిందనుకున్నాను. అన్నిటికీ "లేదు" అని రాశాను. నర్సు హిక్సన్ వక్క నములుతూ, "నీ కన్నే మాకు డాక్టరు. నువ్వు లేదంటే లేనట్టే" అని జ్వరం మాత్రలిచ్చి పంపాడు. బుధవారం పొద్దున్నే రినాకు ఫిట్స్ వచ్చాయి.

మళ్ళీ వేలు గుచ్చి, పద్ధతిగా రంగు వేసి చూశాను. ఎక్కడ చూసినా క్రిములే. వెంటనే సూదిమందు మొదలుపెట్టాం. మిగతా వాళ్ళ ఇళ్ళకు పడవలో తిరిగి మళ్ళీ నెత్తురు తీశాను. నలుగురికి బయటపడింది, మందు తిని లేచి తిరుగుతున్నారు.

"పాత స్లైడు కడిగెయ్, ఎవరడుగుతారు?" అన్నాడు హిక్సన్. అమ్మ ఊరుకోలేదు. "కడిగితే దాని తల్లికి ఏం చెప్తావే? నీ చేత్తోనే రాయి" అంది. రాశాను. తిట్టు, పడతాను.

ఇవాళ తీసిన రినా స్లైడులో క్రిమి లేదు. మూడుసార్లు చూశాను. కానీ ఈ దీవిలో చూసేదాన్ని నేనొక్కదాన్నే, నా "లేదు" మీద నాకే నమ్మకం పోయింది. దాన్ని దూదిలో చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అక్కడి ఆసుపత్రిలో చదివించి, ఏమన్నా సరే ఆసుపత్రి రేడియోలో మా క్లినిక్కుకు కబురు చెప్పించు.

ఒళ్ళు చల్లగానే ఉంది. అయినా మాటిమాటికీ నుదురు తాకుతున్నాను. "పిన్నీ, చెయ్యి తియ్యి" అని విసుక్కుంటోంది. తియ్యలేకపోతున్నాను అక్కా.

ఇట్లు,
నీ చెల్లెలు
నెస్టా