ఆకు అడుగున చుక్కలు

క్యాతగానచెర్లు,
18-8-2024

చిరంజీవి నయనకు అవ్వ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నా మోకాళ్లూ ఎవరికి వారు క్షేమం. వానలు పడుతున్నాయి. మన పొలంలోని సోలార్ ప్యానెళ్లను దేవుడే కూలి లేకుండా కడుగుతున్నాడు.

ఫోన్‌లో చెప్పడానికి సిగ్గేసి రాస్తున్నాను. కాలేజీ ప్రాజెక్టు కోసం నువ్వు నాకు అప్పగించిన ఫెర్న్ మొక్క పోయింది. కుండీలో మోడు మిగిలింది. పక్కింటి ఓబులేశ్ మేక తినేసింది. వీధి అంతా వినేలా అతన్ని కడిగేశాను. తప్పైపోయిందవ్వా, ఇంగ అది నీ వాకిలి తొక్కదు అన్నాడు. అన్నట్టే దాన్ని సంతలో అమ్మేసి వచ్చాడు.

అంతటితో ఊరుకున్నాడా? నిడుగల్లు కొండెక్కి, కోటగోడ సందులోంచి అలాంటి మొక్కనే వేళ్లతో సహా తెచ్చాడు. నేను తలెత్తి చూడలేకపోయాను. ఆకు తిప్పి అడుగునున్న చుక్కలు చూసి, దీనికి తెగులు తగిలినట్టుండాదే, గిల్లేద్దామా అవ్వా అన్నాడు. వద్దప్పా అని చెయ్యి పట్టుకున్నాను.

నువ్వు వదిలివెళ్లిన పుస్తకం చదివానులే. పువ్వూ విత్తనమూ లేని ఈ మొక్కకు ఆ గోధుమరంగు చుక్కలే ఆధారమట. వాటిలోంచి రాలే పొడి, అదే సిద్ధబీజాలు, తడి తగిలిన చోట గోరంత పచ్చటి పొరగా మొలుస్తుందట. ఆ పొర మీద మగకణం నీటిలో ఈది ఆడకణాన్ని చేరితేనే కొత్త ఫెర్న్ పుట్టేది. నీళ్ల కోసం కాచుకోవడంలో ఇది మన కరువు తాలూకా మనుషులకు ఏమీ తీసిపోదు.

రేపు ఓబులేశ్ తుమకూరు వస్తున్నాడు. మొక్కను తడి గోనెలో చుట్టి పంపుతున్నాను. అతనికి అన్నం పెట్టు.

నీ అవ్వ,
రామలక్ష్మమ్మ

తా.క. మేక నీ మొక్కను ముట్టలేదు. ఆ చుక్కలు చూసి, వేరుశెనగకు వచ్చే తుప్పు తెగులే అనుకున్నాను. తెగులు ఆకు కనబడితే గిల్లి కాల్చడం మన ఇంటి అలవాటు. పొలం ప్యానెళ్ల కిందికి పోయినా చేతులు మానలేదు. ఒక్క ఆకు మిగల్చకుండా గిల్లి నీళ్ల పొయ్యిలో వేశాను. తర్వాత పుస్తకం తెరిస్తే అది తెగులే కాదని తెలిసింది. అప్పుడే ఆ మేక వాకిట్లోకొచ్చి నిలబడింది. ఎస్సెల్సీ ఫస్ట్ క్లాస్ అని ఇన్నేళ్లు చెప్పుకున్న నేను, నీ ముందు చులకనవుతానని నేరం దాని మీదికి తోశాను. దాన్ని అమ్మేశాడని తెలిసినప్పుడైనా చెప్పాల్సింది. ఊరంతటినీ కడిగే నోరు అప్పుడు పెగలలేదు.

ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. అతను చదివింది కన్నడ బడిలో, తెలుగు అక్షరం రాదు. ఆ ధైర్యంతోనే ఇంత రాశాను. అన్నం తిన్నాక ఈ తా.క. అతనికి చదివి వినిపించు. తిరిగొచ్చి నన్ను ఏమనాలో అది వీధి అంతా వినేలా అనమని చెప్పు. వాకిట్లోనే కూర్చుని ఉంటాను.